మీసం మొలిచేదాకా

మా ఊళ్లో నన్ను ‘ఎఫ్.ఏ. గారు’ అంటారు. ఆ గారులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. నేను ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటరు, ప్యాసు కాలేదు. ఫెయిలూ కాలేదు. అసలు పరీక్షకే కూర్చోలేదు. జబ్బు చేసి కాదు, డబ్బు లేక కాదు, చదువు రాక అంతకన్నా కాదు. నా పైపెదవి మీద మీసం లేకపోవడం వల్ల. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసుకుంటే మంచిది. ఊరు ఊరంతా నవ్వి అలిసిపోయిన సంగతే ఇది.

ఇప్పటి కాలేజీ కుర్రాళ్లు మూతి నున్నగా గీయించుకుని, తండ్రి ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాళ్లకి ఒక ముక్క విడమరిచి చెప్పాలి. మా రోజుల్లో తండ్రి ఉన్నవాడు మీసం తీయించడు. తండ్రి పోయినప్పుడు, చితికి నిప్పు పెట్టబోయే ముందు, మంగలి కత్తి కొడుకు తల మీదికీ మీసం మీదికీ వస్తుంది. అందుచేత నున్నటి పెదవితో, తలమీద గుడ్డతో ఎవడైనా ఎదురైతే, ఏం జరిగిందని అడగరు. కళ్లు దించుకుని దారి ఇస్తారు.

నేను చదివిన రోజుల్లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. సాయంత్రం కాలేజీ వదలగానే గట్టు మీదికి పోయి, నీళ్లలోంచి లేస్తున్న స్తంభాలు చూడడం మా కాలక్షేపం. మా భవిష్యత్తులు కూడా అక్కడే కట్టుకునేవాళ్లం. ఒకడు ప్లీడరీ చేస్తానన్నాడు. ఇంకొకడు రైలు వచ్చాక స్టేషన్ మాస్టరు అవుతానన్నాడు. వంతెన సగం కాకముందే వాడికి మాటల్లో యూనిఫారం కుట్టించేశాం. నా వంతు వచ్చేసరికి నేను నీళ్లకేసి చూసేవాణ్ని. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ని నేనే మొదలు. ఎఫ్.ఏ. అయ్యాక మనిషి ఏమవుతాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ తాసిల్దారు అవుతాడనుకుంది. మా నాన్న మాత్రం సెలవులకి వెళ్లినప్పుడల్లా ఒక్కటే అడిగేవారు.

“ఏరా, అది అయ్యాక ఏంటి?”

“బి.ఏ. నాన్నా.”

“అదీ అయ్యాక?”

అక్కడికి నేను అన్నంలో మజ్జిగ పోసుకునేవాణ్ని.

ఇన్నీసుపేటలో ఒక మేడ కింది గదిలో నలుగురం ఉండేవాళ్లం. పొద్దున్నే గోదావరి స్నానం, పూటకూళ్ల ఇంట్లో భోజనం, తరవాత కాలేజీ. గదిలో ఉన్నది ఒకటే కిరసనాయిలు దీపం. దాని చుట్టూ బోర్లా పడుకుని చదివేవాళ్లం. లెక్కల్లో నేను గట్టివాణ్ని. ఇంగ్లీషు రాయగలను గాని, నోరు విప్పితే మా ఊరు బయటపడేది. అందుకని నోటికన్నా ఒంటి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాను. ఊరినుంచి వచ్చిన కొత్తలో నా చెవులకి పోగులు, తలమీద ముడి, కాళ్లకి కిర్రుచెప్పులు. మొదట పోగులు పెట్టెలోకి పోయాయి. తరవాత అల్పాకా కోటు వచ్చింది. నల్లటి గుండ్రటి టోపీ వచ్చింది. మేజోళ్లు వచ్చాయి. ముడి ఒక్కటే మిగిలింది, అది టోపీ కింద ఇమిడేది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఇదంతా వెనక్కి తిప్పాలి. ధవళేశ్వరంలో రహదారి పడవ ఎక్కితే కడియం లాకుల దగ్గర చాలాసేపు ఆగేది. వెనక తలుపులు మూసి, నీరు కిందికి దించి, ముందు తలుపులు తీస్తే గాని పడవ కింది కాలవలోకి పోదు. ఆ సేపట్లో నేను మారిపోయేవాణ్ని. కోటు మడతపెట్టి, మేజోళ్లు ఊడదీసి, పోగులు చెవులకి ఎక్కించి, తలగుడ్డ చుట్టుకునేవాణ్ని. పడవ కింది నీళ్లలోకి దిగేసరికి కాలేజీ అబ్బాయి పోయి మా ఊరి అబ్బాయి మిగిలేవాడు. పడవ సరంగుకి ఇదో వినోదం. “అబ్బాయిగారు వేషం తీసేశారండి, ఇంక తలుపులు తీయొచ్చు” అని లాకువాడికి కేక వేసేవాడు.

డిసెంబరు పరీక్షలకి ముందు వచ్చిన కార్తీకంలో మా నాన్న గోదావరి స్నానానికి రాజమండ్రి వచ్చారు. వస్తూ దారిలో మా అక్క అత్తవారి ఊళ్లో దిగి, భోంచేసి, కూతురితో చెప్పి వచ్చారు. నా గదిలో రెండు పూటలున్నారు. నా పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుని, తిరగేసి పట్టుకున్నానేమోనని నా మొహంకేసి చూసి, మెల్లిగా చాప మీద పెట్టేశారు. నా స్నేహితుల్ని “మీరంతా ఏమవుతారండి?” అని అడిగారు. ప్లీడరు అవుతానన్నవాడు చెప్పాడు, స్టేషన్ మాస్టరూ చెప్పాడు. అందరి మాటా విని, “మావాడు కూడా ఏదో ఒకటి అవుతాడు లెండి” అన్నారు. ఆ మాట నాకు ఉండాల్సిన ధైర్యం ఆయనకి ఉన్నట్టు వినిపించింది. ఆయన తిరుగు పడవ అక్క ఊళ్లో ఆగలేదు, నేరుగా ఇంటికి వెళ్లిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన రాజమండ్రి వెళ్లడం అక్కకి తెలుసు. తిరిగి రావడం తెలియదు.

ఆయన వెళ్లిన వారంలోనే మా క్లాసుకి గ్రూపు ఫొటో అన్నారు. మద్రాసునుంచి ఫొటోగ్రాఫరు వస్తున్నాడట. గదిలో ఇక వేరే మాట లేదు. ఎవరి కోటు ఎవరికి పడుతుంది, ఎవరు మా ప్రిన్సిపాలు దొర పక్కన కూర్చోవాలి, ఇదే గోల. ప్లీడరు కావలసిన మా స్నేహితుడు ఫ్యాషన్లకి గురువు. వాడు నన్ను బజారులో నిలువుటద్దం పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి క్షవరం చేసే కొత్త కొట్టుకి తీసుకుపోయాడు. ముడి పోయి క్రాపు వచ్చింది. అద్దంలో చూసుకుంటే ఎవరో ఉద్యోగస్తుడిలా ఉన్నాను. కింద మీసం మాత్రం నాదే. అది ఒక పక్క ఒత్తుగా, ఒక పక్క పలచగా ఉండేది.

“ఇదేంట్రా,” అన్నాడు స్నేహితుడు, “ఇటుపక్క వరిచేను, అటుపక్క చవిటినేల. కాలవ నీళ్లు అటు ఎక్కలేదా ఏంటి?”

కొట్టువాడు కూడా నవ్వాడు. “తీసేస్తే మొహం తేటపడుతుంది బాబూ.”

“మా నాన్న ఉన్నారు,” అన్నాను.

“నీ మీసం మీదా ఆయన ఉన్నది?” అన్నాడు స్నేహితుడు. “మన దొరకి మీసం ఉందా? వాళ్ల నాన్న సీమలో దుక్కలా ఉన్నాడంట. పరీక్షలయ్యేసరికి నీకు మళ్లీ వస్తుంది. ఫొటో మాత్రం మళ్లీ రాదు.”

కుర్చీలోంచి లేచేసరికి నా పెదవి చల్లగా ఉంది. ఫొటోలో నేను రెండో వరసలో నిలబడ్డాను. నాకు ఇప్పటికీ మండేది ఏంటంటే, నాకు బోధచేసిన ఆ మహానుభావుడు తన మీసానికి నెయ్యి రాసి మెలితిప్పి దొర పక్కన కూర్చున్నాడు. వాడికీ తండ్రి ఉన్నాడు మరి.

ఫొటో తీసిన మర్నాడు మా ఊరి పడవవాడు కబురు తెచ్చాడు. పరీక్ష గట్టెక్కాలని మా అమ్మ సామర్లకోట భీమేశ్వరుడికి మొక్కుకుందట, సోమవారం అందరూ వెళ్లాలి, వెంటనే బయల్దేరి రమ్మన్నారు. ఏం వంక చెప్పాలో తోచలేదు. బయల్దేరాను.

కడియం లాకుల దగ్గర పడవ ఆగింది. అలవాటుగా పెట్టె తీశాను. కోటు మడతపెట్టాను, పోగులు పెట్టుకున్నాను. టోపీ మాత్రం తీయలేకపోయాను, దాని కింద క్రాపు. మీసానికి చేయగలిగింది ఏమీ లేదు. సరంగు నా మొహం చూసి, వేషం మాట ఎత్తకుండా అటు తిరిగాడు. నాకు ఒళ్లంతా సిగ్గు కమ్మింది. పైపంచె కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుని తలవంచుకు కూర్చున్నాను. గట్టు మీద మా అక్క అత్తవారి ఊరి పెద్దమనిషి ఒకాయన బండి కట్టించుకుంటూ కనిపించాడు. నన్ను చూశాడు. పలకరిస్తాడేమోనని కొంగు ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆయన పలకరించలేదు. కళ్లు దించుకుని, చెప్పులు విడిచి, ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోయాడు. బతికానని అనుకున్నాను.

నున్నటి పెదవి, తలమీద టోపీ, నోటికి కొంగు. పైగా గోదావరి స్నానానికి వెళ్లిన తండ్రి పక్కన లేడు. ఆయనకి ఇంకేం కావాలి. నా పడవ లాకుల్లో నీరు దిగేదాకా ఆగి, తాడు లాగేవాళ్ల నడకతో కదిలేలోపల ఆయన ఎద్దులు ఊరు చేరాయి.

మా రేవులో దిగేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లు ముంచుకుంటున్న ఆడవాళ్లు నన్ను చూసి బిందెలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. మా వీధి మలుపు తిరిగేసరికి మా ఇంట్లోంచి అక్క ఏడుపు వినిపించింది. అది పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడ్చే ఏడుపు. నాన్న పోయారనుకున్నాను. నేను మీసం తీయించుకున్నందుకే పోయారనుకున్నాను. పెట్టె వీధిలో పారేసి పరిగెత్తాను.

మా నాన్న అరుగు మీద కూర్చుని జనపనారతో పగ్గం పేనుతున్నారు. అక్క ఆయన కాళ్లు రెండూ కావలించుకుని ఏడుస్తోంది. బతికున్నారని చూశాక కూడా దానికి ఏడుపు ఆగడం లేదు. మొదలుపెట్టిన వరస ఎక్కడ ఆపాలో తెలియనట్టు ఏడుస్తోంది. నన్ను చూడగానే లేచింది.

“ఒరేయ్, నాన్న పోయారని పొలాలకి అడ్డంపడి వచ్చానురా. చంటిదాన్ని ఎవరి చేతిలో పెట్టానో కూడా తెలియదురా.” నా టోపీ పీకి అవతల పారేసింది. నా తల చూసి దానికి ఇంకా మండింది. “గుండు కూడా కాదే ఇది. ఇదేం పీడరా, తమ్ముడూ?”

మా నాన్న పగ్గం పేనడం ఆపలేదు. “గోదావరి ఒడ్డున నాకు దహనం చేశావంటగా,” అన్నారు. “కట్టెలు ఎండువేనా?”

నేను ఆయన నవ్వుతారని చూశాను. ఆయన నవ్వలేదు. లోపల మా అమ్మ గడప పట్టుకుని నిలబడి ఉంది. బొట్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరో చెరపడానికి వస్తున్నట్టు నన్ను చూస్తోంది. “కిరస్తానంలో కలిసినా ఇంత బాధపడనురా,” అంది. “ఆ మిషను బడి మేష్టరుగారు అందులో కలిసి క్రాపు పెట్టుకున్నా వాళ్ల నాన్నని బతకనిచ్చాడు.”

సామర్లకోట ప్రయాణం ఆగిపోయింది. మా అమ్మ పురోహితుణ్ని పిలిపించింది. బతికున్న మనిషి గుమ్మంలో చావు ఏడుపు లేచింది గనక శాంతి చేయాలన్నాడు. అది జరిపించారు. వెళ్లబోతూ ఆయన ఇంకో మాట వదిలాడు. తండ్రి ఉండగా మీసం తీసినవాడు అది మళ్లీ మొలిచేదాకా పొలిమేర దాటకూడదు, దాటితే తండ్రికి మంచిది కాదు. ఎక్కడుందయ్యా ఆ మాట అని అడగడానికి నాకు అప్పుడు నోరు లేదు. షేక్స్పియరు వచ్చు, త్రికోణమితి వచ్చు, ఆ మాట ఎక్కడుందో తెలియదు. మా అమ్మకి మాత్రం అది శాసనం అయింది.

ఆ తరవాత మా ఇంట్లో నా చదువు ఒకరూ అడగలేదు, మీసం గురించే అందరూ అడిగారు. మా అమ్మ పొద్దున్నే నన్ను గుమ్మంలో వెలుతురుకి నిలబెట్టి పెదవి చూసేది. ఆముదం రాసేది. పలచగా ఉన్న పక్క రెండుసార్లు రాసేది. నేను గాదె పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, కోతల కూలీలు తొంగిచూసి “ఎంతవరకు వచ్చిందండి అబ్బాయిగారూ?” అనేవాళ్లు. పుస్తకం అనుకుని నేను మొదట్లో పేజీ చెప్పేవాణ్ని. అదొక నవ్వు. పరీక్ష దగ్గరపడింది. పెదవి మీద వేలు మసి తుడిచినంత నీడ తేలింది గాని మీసం అనదగింది లేదు.

ఇక రెండు రోజుల్లో పరీక్షనగా మా నాన్న అన్నం తింటూ అన్నారు, “పెట్టె సర్దుకోరా. రేపు పడవకి నేను దింపుతాను.”

మా అమ్మ వడ్డించే గరిటె ఆపింది. “పంతులుగారు ఏం చెప్పారు?”

“నా చావు గురించే గదా చెప్పింది. నాకు లేని భయం మీకెందుకు? వీడికి ఇది పోతే మళ్లీ ఏడాది. నేను పక్కన నిలబడితే నేను ఉన్నట్టు అందరికీ తెలుస్తుంది. అంతకన్నా ఏం కావాలి?”

ఆయన మర్నాడు చలవపంచె కట్టుకుని, పెళ్లికి వెళ్లేటట్టు తలపాగా చుట్టుకుని బయల్దేరారు. నా పెట్టె ఆయనే భుజాన పెట్టుకున్నారు. వద్దంటే వినలేదు. రేవులో మా నాన్నకి బావ వరసయ్యే ఒకాయన చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

“ఏం బావా, దినాలు అయిపోయినా ఇంకా ఇక్కడే తిరుగుతున్నావేంటి?”

“గారెలు మిగిలాయన్నారు, తినిపోదామని ఆగాను,” అన్నారు మా నాన్న. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు ఊపిరి వచ్చింది. ఈయన ఉంటే ఏదైనా గట్టెక్కుతాననిపించింది.

పడవకి పలక వేశారు. నేను ఒక కాలు పలక మీద పెట్టాను. పడవలో ఎక్కడో దిగువ ఊరినుంచి వస్తున్న ముసలావిడ ఒకామె ఉంది. పసుపు బట్టలతో ఉన్న మనవరాల్ని మొదటిసారి అత్తవారింటికి తీసుకుపోతోంది. మేమెవరో ఆమెకి తెలియదు. నా మొహం చూడగానే పిల్ల కళ్లకి చెయ్యి అడ్డం పెట్టింది. అందులో దుర్మార్గం ఏమీ లేదు, ఎవరైనా చేసే పనే. తరవాత, పెట్టె మోస్తున్న మా నాన్నని చూసి ఎవరో ఇంటి పెద్దపాలేరు అనుకుని కాబోలు, ఎంతో దయగా అడిగింది.

“పాపం, చిన్నవాడండి. వాళ్ల నాన్న పోయి ఎన్నాళ్లయిందండి?”

మా నాన్న నోరు తెరిచారు. రేవంతా ఆయన ఏమంటారో అని చూసింది, నవ్వడానికి సిద్ధంగా ఉంది. ఎంత వెటకారానికైనా ఆయన దగ్గర జవాబు ఉండేది. దయకి లేదు. భుజం మీది పెట్టె ఒకసారి సర్దుకున్నారు. నిలబడే ఉన్నారు. ఆ నిలబడడంలో ఆయన నిజంగానే అక్కడ లేనట్టు, ఆమె అన్నదే సరైనట్టు నాకు కనిపించింది.

నేను పలక మీది కాలు వెనక్కి తీసుకున్నాను.

“ఎక్కరా,” అన్నారు.

“ఇంటికి పోదాం నాన్నా.”

ఆయన మళ్లీ ఎక్కమనలేదు. సరంగు కాసేపు చూసి పలక లాగేశాడు. పెట్టె నేను తీసుకోబోతే ఇవ్వలేదు. ఇంటిదాకా ఆయనే మోశారు.

మరుసటి ఏడు వెళ్లమని ఆయన అన్నారు, అమ్మ కూడా అంది. అప్పటికి నాకు ఒత్తుగా మీసం ఉంది. అయితే మీసం కోసం పరీక్ష మానేసినవాడి కథ రాజమండ్రిలో నా గదికి చేరింది, గదినుంచి కాలేజీకి పాకింది. దొర క్లాసులో నవ్వాడని విన్నాను. ఆ మెట్లెక్కే మొహం నాకు లేకపోయింది. స్టేషన్ మాస్టరు కావలసినవాడు బళ్లో మేష్టరు అయ్యాడు. ప్లీడరు కావలసినవాడు ప్లీడరే అయ్యాడు, వాడి మీసం మరీ పెద్దదైందని చెప్పారు. ఆ ఫొటో నేను చూడలేదు. ఏదో ఒక ఇంట్లో గోడకి వేలాడుతూనే ఉంటుంది. రెండో వరసలో ఆ నున్నటి మొహంవాడు ఎవరో ఆ ఇంట్లోవాళ్లకి తెలియదు.

చదువు మాత్రం నేను వదల్లేదు. కాలేజీ చెప్పని చదువు నాకు నేనే చెప్పుకున్నాను. పొలం పనులైపోయాక సంస్కృతం మొదలుపెట్టాను. ఎందుకంటే, ఆ పురోహితుడు చెప్పిన మాట ఎక్కడుందో చూడాలి. దొరికిన ధర్మశాస్త్రాలన్నీ చదివాను. దొరకనివి కాశీనుంచి తెప్పించుకున్నాను. తండ్రి ఉండగా క్షౌరం గురించి చాలా ఉంది. మీసం మొలిచేదాకా పొలిమేర దాటకూడదని మాత్రం ఎక్కడా లేదు. ఆ పురోహితుడు పోయేముందు ఒకసారి వెళ్లి అడిగాను. “అలా అన్నానా?” అన్నాడు. “ఏదో ఆడవాళ్ల మనశ్శాంతి కోసం అని ఉంటాను నాయనా.” ఆ మనశ్శాంతికి నా చదువు ఖర్చయింది. ఈ కోపం నాతోనే పోతుంది, తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.

మా నాన్న చాలాకాలం బతికారు. నేను ఏమయ్యానని చివరిదాకా ఆయన అడగలేదు. అరుగు మీద ఆయన పగ్గం పేనుతుంటే నేను పక్కన పుస్తకం చదువుకునేవాణ్ని. ఒక్కోసారి “పైకి చదువు” అనేవారు. సంస్కృతమైనా ఇంగ్లీషైనా వినేవారు.

ఆయన పోయిన రోజు కాలవ గట్టున నన్ను కూర్చోబెట్టారు. మంగలి కత్తి నీళ్లలో ముంచి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తలకి చెయ్యి వేశాడు గాని, మీసం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ కదల్లేదు. అందరికీ ఆ సంగతే గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఆనాడు రేవులో గారెల మాట విని నవ్విన మా నాన్న బావగారు అప్పటికి పండుముసలి. కర్ర ఆనుకుని వంగి నా చెవి దగ్గర అన్నాడు.

“తీయించుకో నాయనా. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.”

కత్తి పడింది. పెదవి మళ్లీ ఆనాటిలాగే చల్లబడింది. లేచి, నాకు తెలియకుండానే పైపంచె కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాను. జనం కళ్లు దించుకుని దారి ఇచ్చారు. ఏడుస్తున్నాననుకున్నారు.